సంచిలో రెండు తూకపు రాళ్లు



ఈ వారం ధ్యానానికి ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయం, 13 నుండి 16 వచనాలు తీసుకున్నాము. బైబిలు తెరిచి ఆ నాలుగు వచనాలు చదివి రండి. అక్కడ దేవుడు ఒక మనిషి సంచిలో చెయ్యి పెట్టి వెదుకుతున్నాడు. నీ సంచిలో ఎన్ని తూకపు రాళ్లున్నాయి? కొనేటప్పుడు ఒకటి, అమ్మేటప్పుడు ఒకటి తీస్తున్నావా? అలా తూచేవాడు తనకు హేయుడని ఆ భాగం చివర చెప్పాడు. విగ్రహాల గురించి మాట్లాడేటప్పుడు వాడిన గట్టి మాటే ఇక్కడ రాళ్ల గురించి కూడా వాడాడు. ఆ సంగతి మనం సాధారణంగా దాటేసి పోతాం.

తూకంలో మోసం అంటే ఏమిటో మనవాళ్లకు ఎవరూ నేర్పనక్కర లేదు. వడ్లు అమ్మబోయిన చోట తరుగు పేరు చెప్పి బస్తాకు ఇన్ని కిలోలని కోస్తే ఆ రోజంతా మనకు అన్నం సయించదు. పత్తి కాంటా పెట్టేటప్పుడు, మిర్చి కాంటా పెట్టేటప్పుడు రైతు కన్ను అంకె మీద నుండి కదలదు. ప్రార్థన కూటంలో ఎన్నిసార్లు కన్నీళ్లతో చెప్పుకున్నామో. కానీ ఈ రోజు మేము రాసేది వడ్ల కాంటా గురించి కాదు, టు-లెట్ బోర్డు గురించి. కొంచెం కఠినంగానే రాస్తాము, ఓర్చుకోండి.

మన సంఘపు సహోదరి ఒకామె ఈ మధ్య భూపాలపల్లిలో ఉద్యోగంలో చేరింది. నర్సు. రాత్రి డ్యూటీలుంటాయి కాబట్టి దగ్గరలో ఇల్లు కావాలి. ఒక గేటుకు బోర్డు చూసి ఫోను చేస్తే "ఖాళీ ఉందమ్మా, వచ్చి చూస్కో" అన్నారు. రెండు గదులు, వంటిల్లు, బోరు నీళ్లు, కిరాయి ఐదు వేలు, అడ్వాన్సు రెండు నెలలది. ఇంటావిడ మంచినీళ్లిచ్చింది, పైకి తీసుకెళ్లి బట్టలు ఆరేసుకునే చోటు కూడా చూపించింది. మాట కుదిరాక "మీరేమోళ్లు బిడ్డా?" అని అడిగింది. "మేము క్రైస్తవులమమ్మా" అంది ఈమె. "అది గాదు, అంతకుముందు ఏమోళ్లు?" అంది ఆవిడ. ఈమె నవ్వి ఊరుకుంది. అడ్వాన్సు తీసుకున్నారు. మర్నాడు పోలీస్ స్టేషన్‌లో ఇవ్వాలని ఆధార్ జిరాక్సు అడిగారు. ఆధార్ కార్డు మీద ఊరి పేరుకు ముందు 'ఎస్సీ కాలనీ' అని అచ్చయి ఉంది. సాయంత్రానికి ఫోను వచ్చింది. "మా ఆడబిడ్డ కొడుకు వస్తున్నడమ్మా, ఇల్లు వానికియ్యాలె. నీ పైసలు వచ్చి తీస్కపో." వెళ్తే పైసలు కవరులో పెట్టి గేటు పక్క గోడ మీద ఉంచారు. చేతికి ఇవ్వలేదు.

మూడు వారాల తర్వాత కూడా ఆ గేటుకు బోర్డు వేలాడుతూనే ఉంది. ఆడబిడ్డ కొడుకు రాలేదు. మన సహోదరి హనుమకొండ నుండి బస్సులో పోయి వస్తోంది. రాత్రి డ్యూటీ దిగిన రోజు బస్టాండు బెంచీ మీద కూర్చుని తెల్లవారేదాకా కీర్తనలు చదువుకుంటానని చెప్పింది. అది సాక్ష్యంలాగా చెప్పింది. మాకు మాత్రం సిగ్గేసింది.

2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లాను విడదీసి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు చేసినప్పుడు మన పట్టణాలకు కలెక్టరేట్లు వచ్చాయి, తర్వాత మెడికల్ కాలేజీలు వచ్చాయి. భూపాలపల్లికి అంతకుముందే సింగరేణి గనులు, చెల్పూరు దగ్గర కరెంటు ప్లాంటు ఉన్నాయి. ఉద్యోగులు, విద్యార్థులు, కాంట్రాక్టు కూలీలు దిగారు. ఉన్న ఇంటి మీద ఒక అంతస్తు వేసినవాడికి నెల నెలా కిరాయి వచ్చింది. మన విశ్వాసుల్లో కూడా చాలామంది అలా పైకి వచ్చారు, దేవునికి స్తోత్రం. అప్పుడు మనం గృహప్రతిష్ఠ ప్రార్థనలు ఎన్ని చేశామో లెక్క లేదు. ఆ ఇల్లు ఎవరికి కిరాయికిస్తారన్న మాట ఒక్క ప్రార్థనలోనూ ఎత్తలేదు. అది మా తప్పు.

ఎత్తి ఉంటే తెలిసేది, మన పట్టణాల్లో కిరాయి ఇంటి ముందు ఎన్ని ప్రశ్నలుంటాయో. కులాన్ని కులం పేరుతో అడిగేవాళ్లు తగ్గారు, వాళ్లే నయం. మిగతావాళ్లు ఇంటిపేరు అడుగుతారు. ఊళ్లో మీ ఇల్లు ఏ దిక్కున ఉంటుందని అడుగుతారు. మీ నాయన ఏం పని చేసేవాడు, ఏ దేవునికి మొక్కుతారు, నీసు తింటారా, పెద్దకూర తింటారా అని అడుగుతారు. మానుకోటలో తండా నుండి చదువుకోవడానికి వచ్చిన పిల్లవాడు పేరు చివర ఉన్నది చెప్పగానే గది నిండిపోతుంది. ముస్లింలకైతే ఫోనులో పేరు చెప్పడంతోనే మాట అయిపోతుంది. భర్త లేని స్త్రీని ఇంకో రకంగా అడుగుతారు, అవి ఇక్కడ రాయలేము.

మమ్మల్నీ అడిగారు. మానుకోటలో పరిచర్య మొదలుపెట్టిన రోజుల్లో మేమిద్దరం, చంకలో పిల్లతో, పదకొండు ఇళ్లు తిరిగాము. పాస్టరు అనగానే ఓనరు ముఖం మారిపోయేది. "మీరు పాటలు పాడతరు, జనం వస్తరు" అనేవారు. న్యాయంగా చెప్పాలంటే ఈ మాటలో కొంత నిజముంది. తెల్లవారుజామున నాలుగింటికి మైకు పెట్టే కాపరులను మేమే ఎరుగుదుము. చప్పుడు వద్దన్న ఓనరు మీద మాకు కోపం లేదు. చప్పుడు చేయమని మాటిచ్చినా, రాసిస్తామన్నా, "అది కాదులెండి" అని తలుపు మూసినవాళ్ల గురించే మా బాధ. అప్పుడు అర్థమైంది, చప్పుడు అనేది పైకి చూపించే రాయి. అసలు రాయి సంచిలో ఇంకోటి ఉంది.

"నా ఇల్లు, నా ఇష్టం" అంటారు. మన విశ్వాసులే అంటారు. లేవీయకాండము 25వ అధ్యాయం 23వ వచనం చూడండి. భూమి నాది, మీరు నా దగ్గర పరదేశులుగా కాపురముంటున్నారు అన్న భావం అక్కడ స్పష్టంగా ఉంది. అంటే పట్టా నీ పేరునే ఉన్నా, రిజిస్ట్రేషన్ కాగితం బీరువాలోనే ఉన్నా, నువ్వు కూడా ఆయన ఇంట్లో కిరాయికున్నవాడివే. నిన్ను ఇంట్లో పెట్టుకునే ముందు ఆయన "నువ్వేమోడివి?" అని అడగలేదు. ఇంకొక మాట. ఇష్టమైనవాళ్లనే పెట్టుకోవాలంటే బోర్డు ఎందుకు? నీ చుట్టానికిచ్చుకో, ఎవరూ అడగరు. రోడ్డు మీద బోర్డు తగిలించావంటే అది దుకాణం తెరిచినట్టే. దుకాణం తెరిచాక మనిషిని బట్టి తూకం మార్చడం ఏ మార్కెట్లో అయినా మోసమే.

ఓనర్ల కష్టం మాకు తెలియదనుకోవద్దు. రిటైరైనవాళ్లు, భర్త పోయి పై పోర్షను కిరాయితోనే మందులు కొనుక్కునే ముసలమ్మలు మన సంఘంలోనే ఉన్నారు. ఆరు నెలలు కిరాయి ఎగ్గొట్టి, కరెంటు బిల్లు నెత్తిన పెట్టి, రాత్రికి రాత్రే సామాను ఎత్తేసినవాళ్లూ ఉన్నారు. అందులో ఒకడు మన గాయక బృందంలో పాడేవాడు, చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఖాళీ చేయనంటే కోర్టుకు పోవాలి, మనకున్న కిరాయి చట్టం 1960 నాటిది, ఎంత కాలం పడుతుందో ఎవరికీ తెలియదు. కాబట్టి ఓనరు ముందే చూసుకోవడం పాపం కాదు. ఏం పని చేస్తావు, నెల నెలా కట్టగలవా, ఎంతమంది ఉంటారు, ఇంతకుముందున్న ఇంటి ఓనరు నెంబరు ఇస్తావా? అడగండి. అందరినీ అవే అడగండి. భూపాలపల్లి ఇంటావిడ ఈ ప్రశ్నల్లో ఒక్కటైనా అడిగి ఉంటే మన సహోదరికి అన్నిటికీ మంచి జవాబులున్నాయి. జీతం వస్తుంది, ఒక్కతే ఉంటుంది, బాకీ ఎరగదు. ఆవిడ అవి అడగలేదు. కిరాయి ఎగ్గొడుతుందేమో అన్న భయం ఆవిడకు లేనే లేదు.

చట్టం ఏం చేస్తుందని యౌవనస్థులు అడిగారు. కొంత చేస్తుంది, చాలా చేయదు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 15వ అధికరణం దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువుల దగ్గర అడ్డుకోకూడదని పేర్లు పెట్టి చెప్పింది. కిరాయి ఇల్లు అన్న పేరు అందులో లేదు. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం 4వ సెక్షను అంటరానితనం కారణంగా ఒక మనిషిని ఏ వాడలోనైనా ఇల్లు కట్టుకోకుండా, ఇంట్లో ఉండకుండా అడ్డుకోవడం నేరమంటుంది. శిక్ష నెల నుండి ఆరు నెలల జైలు, వంద నుండి ఐదు వందల రూపాయల జరిమానా. బాధితుడు షెడ్యూల్డు కులస్థుడైతే కులం కోసమే చేశాడని కోర్టు ముందుగా అనుకోవాలని, కాదని నిరూపించుకోవాల్సింది అవతలివాడేనని 12వ సెక్షను చెబుతుంది. మంచి చట్టమే. కానీ "ఆడబిడ్డ కొడుకు వస్తున్నడు" అన్న మాట పట్టుకుని ఏ నర్సు పోలీస్ స్టేషన్ మెట్లెక్కుతుంది? 2021లో కేంద్రం నమూనా కిరాయి చట్టం తెచ్చింది. ఇంటికి అడ్వాన్సు రెండు నెలల కిరాయికి మించకూడదని అందులో ఉంది, నీళ్లు కరెంటు ఆపకూడదని ఉంది. కులం, మతం చూసి ఇల్లు లేదనకూడదన్న మాట మాత్రం లేదు. 2005లో సుప్రీంకోర్టు అహ్మదాబాదు పార్సీ హౌసింగ్ సొసైటీ కేసులో, సభ్యత్వం తమవాళ్లకే పెట్టుకోవచ్చని తీర్పు ఇచ్చింది.

మన దళిత విశ్వాసుల పరిస్థితి ఇంకా వింతగా ఉంటుంది. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవారికే ఎస్సీ హోదా. (ఎస్టీలకు ఈ ఇబ్బంది లేదు, మన లంబాడా, కోయ విశ్వాసులు ఇది గుర్తుంచుకోవాలి.) 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు కేసులో, మతం మారినవాడికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ ఉండదని చెప్పింది. అంటే ఇంటి ఓనరు ముందు "క్రైస్తవులం" అంటే "అంతకుముందు ఏమోళ్లు?" అంటాడు. చట్టం ముందుకు పోయి అంతకుముందు ఏమోళ్లమో చెబితే "ఇప్పుడు క్రైస్తవులు కదా" అంటుంది. గేటు దగ్గర ఒక రాయి, కోర్టు దగ్గర ఇంకో రాయి.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఒక మాట. అక్కడ మీరు అపార్ట్‌మెంటుకు అప్లికేషను నింపేటప్పుడు జీతం, పాత బాకీలు అడుగుతారు. రంగు, మతం, దేశం చూసి లేదనడానికి వీల్లేదు. ఆ రక్షణ ఊరికే రాలేదు. మార్టిన్ లూథర్ కింగ్ అనే బాప్టిస్టు కాపరి 1966లో కుటుంబంతో చికాగో నల్లవాడలో ఒక పాడుబడ్డ ఇంట్లో కిరాయికి దిగి, నల్లవాళ్లకు ఇళ్లివ్వని వీధుల్లో నడిచాడు, రాళ్ల దెబ్బ తిన్నాడు. 1968 ఏప్రిల్ 4న ఆయనను చంపారు. ఏడు రోజులకు, ఏప్రిల్ 11న, ఆ ఇళ్ల చట్టం మీద సంతకమైంది. మన జనగామ అబ్బాయి డాలస్‌లో దిగిన వారానికే ఇల్లు దొరుకుతోందంటే ఒక కాపరి రక్తం అందులో ఉంది. అదే అబ్బాయి తండ్రి ఇక్కడ పై పోర్షనుకు 'మనవాళ్లకే' అని బ్రోకరుకు చెప్పి పెట్టాడు. అబ్బాయీ, ఈ ఆదివారం మీ నాయనకు ఫోను చెయ్యి.

అమెరికా చట్టంలోనూ చిన్న ఓనర్లకు మినహాయింపు ఉంది కదా అని మా పక్కన కూర్చునే పెద్ద ఒకాయన వాదించారు. చదువుకున్న మనిషి. నిజమే, ఓనరు తానుంటూ నాలుగు పోర్షన్ల లోపు ఇచ్చేచోట ఆ చట్టం చాలావరకు వదిలేసింది. కానీ వాళ్లకు కూడా ఫలానావాళ్లకే ఇస్తామని ప్రకటన ఇచ్చే స్వేచ్ఛ లేదు. జాతి విషయంలోనైతే 1866 నాటి పాత చట్టం ఏ మినహాయింపూ లేకుండా వర్తిస్తుందని ఆ దేశపు సుప్రీంకోర్టు అదే 1968లో చెప్పింది. అయినా మేము ఆ పెద్దాయనను ఇంకో మాట అడిగాము. అయ్యా, చట్టం వదిలేసిన సందులో దూరడానికా మనకు బాప్తిస్మం ఇచ్చింది?

మనం అంబేడ్కర్ గారి జయంతి చేస్తాం. ఆయన బరోడా సంగతి ఆ వేదిక మీద ఎవరూ చెప్పరు. 1917లో కొలంబియాలో, లండన్‌లో చదివి వచ్చిన మనిషికి బరోడాలో ఉద్యోగం ఉంది, ఉండడానికి ఇల్లు లేదు. పార్సీ సత్రంలో పార్సీ పేరుతో దిగాడు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. ఊళ్లో ఇద్దరు స్నేహితులున్నారు. హిందూ స్నేహితుడు, నువ్వొస్తే మా పనివాళ్లు వెళ్లిపోతారన్నాడు. రెండోవాడు క్రైస్తవుడు. ప్రియులారా, ఇక్కడ ఆగండి. ఆ క్రైస్తవుడు, రేపు మా ఆవిడ వస్తుంది, ఆమెను అడగాలి అన్నాడు. వాళ్లు బ్రాహ్మణుల నుండి మారినవాళ్లు, ఆ ఇల్లాలు ఒప్పుకోదని అంబేడ్కర్‌కు అర్థమైంది. రాత్రి బొంబాయి బండి వచ్చేదాకా ఆయన ఒక పార్కులో కూర్చున్నాడు. తర్వాత ఇరవై ఏళ్లకు దళితులు ఏ మతంలోకి వెళ్లాలా అని దేశమంతా మాట్లాడుకుంటున్నప్పుడు మన మిషనరీలు ఆయన చుట్టూ తిరిగారు. ఆ క్రైస్తవుడి గుమ్మం ఆయన మరిచిపోయి ఉంటాడా?

ఇప్పుడు అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం చివరి వచనానికి రండి. పేతురు యొప్పేలో చాలా రోజులు సీమోను అనే చర్మకారుని ఇంట్లో ఉన్నాడు. చర్మకారుడు. తోళ్లు ఊనేవాడు. ఈ మాట చదివి ముందుకు పోగలిగేవాళ్లు ఎక్కడివాళ్లో తెలియదు కానీ మనం పోలేము. చచ్చిన పశువును ముట్టేవాడు ధర్మశాస్త్రం ప్రకారం సాయంకాలం దాకా అపవిత్రుడు. రోజూ ముట్టేవాడికి ఏ సాయంకాలం పవిత్రం? తోళ్ల పని చేసే చోటు ఊరికి యాభై మూరల దూరంలో, అదీ తూర్పు దిక్కునే ఉండాలని యూదుల మిష్నాలో నియమముంది. కంపు ఊరిమీదికి కొట్టకూడదు గదా. సీమోను ఇల్లు సముద్రపు దరిని ఉందని 10వ అధ్యాయం చెబుతుంది. మన తాతల లంద ఊరికి ఏ దిక్కున ఉండేదో మనకు చెప్పాలా?

సంఘానికి పెద్ద అయిన పేతురు ఆ ఇంటికి వెళ్లాడు, ఆ ఇంట్లో తిన్నాడు, ఆ ఇంటి మేడ మీద ప్రార్థన చేశాడు. దేవుడు పవిత్రం చేసినదాన్ని నిషిద్ధమని అనవద్దన్న దర్శనం యెరూషలేము దేవాలయంలో రాలేదు, తోళ్ల కంపు కొట్టే ఆ మేడ మీద వచ్చింది. ఇంకొకటి గమనించండి. కైసరయ నుండి అన్యులు ముగ్గురు గుమ్మం దగ్గరికి వచ్చినప్పుడు పేతురు వాళ్లను లోపలికి పిలిచి ఆ రాత్రి ఉంచుకున్నాడు. ఇల్లు ఎవరిది? సీమోనుది. ఊరు దూరం పెట్టిన మనిషి తన ఇంట్లో అన్యులను పడుకోనిచ్చాడు. అతడు ఒక్క మాటైనా మాట్లాడినట్టు లేఖనంలో లేదు. తలుపు తీశాడు, అంతే.

ఆ చర్మకారుని సంతానమే మనలో సగంమంది. అందుకే మా అసలు కోపం భూపాలపల్లి ఇంటావిడ మీద కాదు. ఆవిడకు వాక్యం తెలియదు. మా కోపం మన మీద. మన విశ్వాసి ఒకాయన మొన్న కూటంలో నిలబడి "దేవుడు మా ఇంటికి మంచి కిరాయిదారులనిచ్చాడు" అని సాక్ష్యం చెప్పాడు. ఆ ఇల్లు అంతకుముందు ఒక ముస్లిం కుటుంబం అడిగిందని, లేదన్నాడని మాకు తెలుసు. మాల ఇంటికి మాదిగను, మాదిగ ఇంటికి మాలను పెట్టని విశ్వాసులున్నారు. ఇద్దరూ కలిసి లంబాడావాళ్లను వద్దంటారు. రెడ్లలో నుండి వచ్చిన క్రైస్తవులు మనందరినీ వద్దంటారు. క్రైస్తవ పెళ్లి ప్రకటనలో కులం రాసుకున్నవాళ్లకు కిరాయి ఇంట్లో కులం అడగడం పెద్ద సంగతి కాదు లెండి. యాకోబు 2వ అధ్యాయంలో బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి కుర్చీ వేసి, మాసిన బట్టలవాడిని అక్కడ నిలబడమన్న సంఘం గురించి ఉంది. ఆ సంఘం ఎక్కడిదని అడగకండి.

చావు సంగతి కూడా చెప్పాలి. కిరాయి ఇంట్లో మనిషి చనిపోతే శవాన్ని గుమ్మం లోపలికి రానివ్వరు. ఇల్లు మైలపడుతుందని, మళ్లీ ఎవరూ కిరాయికి రారని అంటారు. జబ్బు ముదిరిందని తెలియగానే ఖాళీ చేయమనేవాళ్లూ ఉన్నారు. పోయిన వానాకాలం మన సంఘపు తండ్రి ఒకాయన ఆసుపత్రిలో ప్రభువునందు నిద్రించాడు. ఎనిమిదేళ్లు కిరాయి కట్టిన ఇంటి ముందు, రోడ్డు పక్కన టెంటు వేసి, ఐస్ బాక్సు పెట్టాము. ఓనరు కరెంటు ఇవ్వలేదు. బాక్సుకు ప్లగ్గు కావాలి, లేకపోతే కొడుకు దుబాయ్ నుండి వచ్చేదాకా శరీరం ఆగదు. ఎదురుగా పంక్చర్ల షాపు అతను అడగకముందే వైరు లాగి ఇచ్చాడు, రాత్రంతా షట్టరు సగం తెరిచి ఉంచి అక్కడే పడుకున్నాడు. మర్నాడు పైసలిస్తే తీసుకోలేదు. అతను ముస్లిం. అది చెప్పడం అవసరమా అంటే అవసరమే, పైన రాసిన సాక్ష్యం మళ్లీ చదవండి. ఆ ఓనరు ఎవరో చెప్పము. ఆయన ఇంటి తలుపు మీద వాక్యం రాసిన పలక ఉంది, అది మాత్రం చెబుతాము.

పురుడైనా అంతే. నెలలు నిండిన స్త్రీ ఉందంటే ఇల్లివ్వనివాళ్లు డిసెంబరు రాగానే పశువుల పాక కట్టి, గడ్డి పరిచి, నక్షత్రం వేలాడదీస్తారు. బేత్లెహేములో చోటు ఇవ్వనివాళ్లను తిడుతూ నాటిక వేస్తారు.

ఇక మా గురించి. ఇంతదాకా రాసి ఇది దాచితే మేము ఈ పేజీలో ఇంకో మాట రాయడానికి అర్హులం కాము. మన మందిరం వెనుక రేకుల గది ఉంది. సంఘం దాన్ని కిరాయికిస్తుంది. నాలుగేళ్ల కిందట ఒక సహోదరి, ఆరేళ్ల కూతురితో, భర్త కొడుతున్నాడని ఇల్లు వదిలి వచ్చి ఆ గది అడిగింది. బీడీలు చుట్టి కిరాయి కడతానంది. కమిటీ కూర్చుంది. ఒంటరి ఆడమనిషి, మందిరం వెనుక, పేరు చెడుతుంది, భర్త వచ్చి గొడవ చేస్తాడు అనుకున్నాము. అడ్వాన్సు కడతావా అని కూడా అడగలేదు. గది ఖాళీ లేదని చెప్పిన నోరు మాదే. గది ఖాళీగానే ఉంది. ఆమె ఆ రాత్రి తిరిగి ఆ ఇంటికే వెళ్లింది. ఆ తర్వాత మన మందిరానికి రాలేదు. పోయిన సంవత్సరం సంతలో కనబడితే మేము పలకరించాము. ఎడమ చెయ్యి సరిగా లేవడం లేదు. "బాగున్నరా అయ్యగారూ" అంది, అమ్మగారి ఆరోగ్యం అడిగింది. మేము ఏం చెప్పామో గుర్తు లేదు.

పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలు భూమి కోసం దొరను ఎదిరించింది ఈ జిల్లాలోనే. ఆమె కూడా కిరాయిదారే. విగ్రహానికి దండ వేసిన చేతులతోనే మేము ఆ గదికి తాళం వేశాము.

కమిటీ పోయిన శనివారం మళ్లీ కూర్చుంది, రాత్రి పదకొండింటిదాకా వాదులాడుకున్నాము. ఇద్దరు లేచి వెళ్లిపోయారు, వాళ్ల కోసం ప్రార్థించండి. మిగిలినవాళ్లం ఒక కాగితం రాసుకున్నాము. ఈ గదికైనా, రోడ్డు మీద మన రెండు మడిగెలకైనా, సంఘస్థులు ఇష్టపడి తమ ఇళ్లకు పెట్టుకున్నా అదే కాగితం. కిరాయి, అడ్వాన్సు ముందే బోర్డు మీద రాసి ఉంటాయి, మనిషిని చూసి మారవు. అడ్వాన్సు రెండు నెలలకు మించదు. వచ్చినవాళ్ల పేర్లు వచ్చిన వరుసలో నోటుబుక్కులో రాస్తాము. అడిగేది పని ఏమిటి, కిరాయి ఏ తారీఖున కడతారు, ఎంతమంది ఉంటారు. ఆధార్ జిరాక్సు మాట కుదిరి తాళం చెవి ఇచ్చాకే తీసుకుంటాము, పోలీసులకు ఇవ్వడానికే. ఇంటిపేరు, ఊళ్లో దిక్కు, పెళ్లి, వంట అడగము. లేదంటే ఎందుకు లేదో రాసిస్తాము. కిరాయి తీసుకున్న నెల నెలా రసీదు. పురుడొచ్చినా, చావొచ్చినా అది వాళ్ల ఇల్లే. చప్పుడు, చెత్త, బాకీ విషయంలో మాత్రం గట్టిగా ఉంటాము, అక్కడ మొహమాటం లేదు.

గది వచ్చే నెల ఒకటో తారీఖు నుండి ఖాళీ అవుతుంది. కిరాయి రెండు వేల రెండు వందలు, అడ్వాన్సు ఒక నెలది. మీటరు వేరే ఉంది. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, డ్రమ్ము మేమే ఇస్తాము. వర్షానికి ఈశాన్యం మూల కొంచెం కారుతోంది, ఈ వారం రేకు మార్పిస్తున్నాము. నోటుబుక్కు అమ్మగారి దగ్గర ఉంటుంది. ఆదివారం ఆరాధన అయ్యాక, మిగతా రోజుల్లో సాయంత్రం ఐదు దాటాక ఎవరైనా వచ్చి పేరు రాయించుకోవచ్చు.